తక్కువ బడ్జెట్‌తో విజయవాడ, గుంటూరు ప్రాంతానికి కుటుంబాన్ని మార్చడం: అద్దె ఇంటికి ఏ ఏరియా అన్నది ఎలా తేల్చుకోవాలి

"విజయవాడలో ఉద్యోగం వచ్చిందండి, అద్దెకు పది పన్నెండు వేలకు మించి పెట్టలేం, చదువుకునే పిల్లలు ఇద్దరు, ఏ ఏరియా మంచిది?" అన్న ప్రశ్న చిన్న చిన్న తేడాలతో వస్తూనే ఉంటుంది. ఒక కాలనీ పేరు చెప్పి ఊరుకోవడం తేలికే గాని, అది చెప్పినవారి ఆఫీసుకూ వారి పిల్లల బడికీ సరిపడే సమాధానమే తప్ప మీకు సరిపోతుందన్న నమ్మకం లేదు. అందువల్ల ఇక్కడ ఇదే తీసుకోండని ఒక ఏరియా పేరు చెప్పడం లేదు, మీ ఏరియాను మీరే తేల్చుకునే పద్ధతి చెబుతున్నాను. ఇదంతా అద్దె ఇంటి గురించే. కొనాలనుకునేవారికి మధ్యలో ఒకచోట నాలుగు మాటలు ఉన్నాయి.

ముందుగా దగ్గర ఉంచుకోవలసినవి

ఇంట్లో రోజూ బయటికి వెళ్ళే ప్రతి ఒక్కరి గమ్యం, బయలుదేరే వేళ, తిరిగి వచ్చే వేళ రాసిన కాగితం ఒకటి. గత మూడు నెలల ఇంటి ఖర్చుల లెక్క. పిల్లల టీసీలు, స్టడీ సర్టిఫికెట్లు, అందరి ఆధార్ కార్డులు. ఇద్దరు పెద్దవాళ్ళూ కలిసి ఇళ్ళు చూడటానికి కనీసం ఒక వారాంతం, వీలైతే అందులో ఒక పనిదినం కూడా కలిసేట్టు. ఇళ్ళు చూసేటప్పుడు ఒక ఖాళీ లీటరు సీసా, కొలత టేపు వెంట ఉంచుకోండి. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

1. అద్దెకు కాదు, మొత్తం ఖర్చుకు పరిమితి పెట్టుకోండి

అద్దె, రాకపోకలు, స్కూలు వ్యాను, కరెంటు, మెయింటెనెన్సు, తాగునీటి క్యాన్లు, ఈ ఆరూ కలిపి ఇంటి ఖర్చు. అద్దె ఒక్కటే చూసి ఊరి చివరికి వెళ్ళినవారు మిగిలిన ఐదింటిలో ఆ డబ్బును తిరిగి కట్టడం మామూలే.

ఒక లెక్క చూడండి. అంకెలు ఉదాహరణకు వేసినవి, మీ అంకెలతో మీరు మళ్ళీ వేసుకోవాలి. మొదటి ఇల్లు అద్దె 12,000, ఆఫీసు 6 కిలోమీటర్లు, బడికి పిల్లలు నడిచి వెళ్తారు. రెండో ఇల్లు అద్దె 8,500, ఆఫీసు 25 కిలోమీటర్లు, స్కూలు వ్యానుకు నెలకు 1,500. బండి లీటరుకు 50 కిలోమీటర్లు ఇస్తుందనీ, పెట్రోలు లీటరు 110 రూపాయలనీ, నెలకు 26 పనిదినాలనీ అనుకుందాం. మొదటి ఇంటికి నెలకు 312 కిలోమీటర్లు, అంటే సుమారు 690 రూపాయల పెట్రోలు. రెండో ఇంటికి 1,300 కిలోమీటర్లు, 2,860 రూపాయలు. కలిపితే మొదటిది 12,690, రెండోది 12,860. మూడున్నర వేలు మిగులుతుందనుకున్న ఇల్లు చివరికి పైసా మిగల్చకపోగా, రోజుకు గంటన్నర కాలాన్నీ తినేస్తుంది.

అయితే అదే మనిషి బండి మానేసి నెల సీజన్ టికెట్ మీద రైల్లోనో బస్సులోనో వెళ్ళగలిగితే ఫలితం తారుమారవుతుంది. కనుక దూరం చౌకో కాదో తేల్చేది కిలోమీటర్లు కావు, ఆ దూరాన్ని ఎలా దాటుతారన్నది. ఇంట్లో ఉద్యోగానికో కాలేజీకో వెళ్ళే ఆడవాళ్ళుంటే 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి ఉచిత ప్రయాణాన్ని కూడా లెక్కలో వేసుకోండి. పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సులకు అది వర్తిస్తుంది. నాన్‌స్టాప్, ఏసీ సర్వీసులకు వర్తించదు. విజయవాడ–గుంటూరు మధ్య తొందరలో చాలామంది ఎక్కేది నాన్‌స్టాపే కాబట్టి, ఏ బస్సు ఎక్కుతారో చూసుకున్నాకే ఆ ఖర్చును సున్నాగా వేయండి.

2. ఎవరి ప్రయాణాన్ని బట్టి ఇల్లు చూడాలో తేల్చుకోండి

ఎక్కువ జీతం తెచ్చేవారి ఆఫీసుకు దగ్గరగా చూడటం మన అలవాటు. నా మటుకు నేను, బండి నడపలేని వ్యక్తిని బట్టి చూడమంటాను: చిన్న తరగతి చదివే బిడ్డ, నెలనెలా ఆసుపత్రికి వెళ్ళవలసిన పెద్దవారు, రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చే కోడలు. బండి ఉన్న మనిషి ఐదు కిలోమీటర్లు ఎక్కువ తిరగగలడు. ఆ వీలు లేనివారికి ఇల్లు దూరమైతే ప్రతిరోజూ మరొకరి సాయం కావాలి.

భార్యాభర్తల్లో ఒకరికి విజయవాడలో, మరొకరికి గుంటూరులో పని అయితే, మధ్యలో ఉన్న మంగళగిరి, దాని పక్కనున్న కాజ, నంబూరు సహజంగా తోస్తాయి. రెండు ఊళ్ళ మధ్య దూరం సుమారు 35 కిలోమీటర్లు. రైలు మార్గంలో కృష్ణా కెనాల్, మంగళగిరి, నంబూరు, పెదకాకాని స్టేషన్లు ఉన్నాయి. ఇంటినుంచి స్టేషనుకు నడిచి వెళ్ళగలిగితేనే ఈ ఏర్పాటు నిలబడుతుంది. స్టేషనుకు మళ్ళీ ఆటో కావాలంటే నెల తిరిగేసరికి అందరూ బండే తీస్తారు.

3. మూడు ఏరియాలు మాత్రమే రాసుకోండి

కింది పేర్లలోంచి మీ లెక్కకూ ప్రయాణానికీ కుదిరే మూడింటినే రాసుకోండి. విజయవాడ నడిబొడ్డున ఉన్న మొగల్రాజపురం, లబ్బీపేట, పటమటల్లో, గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట, లక్ష్మీపురాల్లో తక్కువ బడ్జెట్‌కు దొరికేది సాధారణంగా వెనక సందులోని పాత వాటాయే. అది చెడ్డదని కాదు. నలుగురూ నడిచి పనులు చేసుకోగలిగితే ఇరుకు వాటాయే లాభం.

ఊరి బయట ఇల్లు చూసేవారు రోడ్డును బట్టి ఆలోచించాలి. బందరు రోడ్డు మీద కానూరు, పోరంకి, పెనమలూరు. ఉయ్యూరు, మచిలీపట్నం బస్సులు పోతూనే ఉంటాయి కాబట్టి బండి లేకపోయినా గడుస్తుంది. ఏలూరు వైపు రామవరప్పాడు, ప్రసాదంపాడు, ఎనికేపాడు, నిడమానూరు, ఇంకా వెళ్తే గన్నవరం. హైదరాబాదు వైపు గొల్లపూడి, ఇబ్రహీంపట్నం, కొండపల్లి. ఇక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రం బూడిద గాలికి ఎటు వస్తోందో చూసుకోండి, ఇంట్లో ఆయాసం ఉన్నవారుంటే మరీను. నది దాటితే తాడేపల్లి, ఉండవల్లి, కుంచనపల్లి, మంగళగిరి. ఈ వరుసలో అద్దెలు రాజధాని వార్తలతో పాటే కదులుతాయి: 2014 తరువాత పెరగడం, 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రకటనతో చల్లబడటం, 2024 నుంచి మళ్ళీ ఊపందుకోవడం అందరూ చూసిందే. ఇక్కడ ఇల్లు తీసుకుంటే ఏటా అద్దె ఎంత పెంచుతారన్నది కాగితం మీద ఉండాలి.

గుంటూరు వైపు గోరంట్ల, నల్లపాడు, అంకిరెడ్డిపాలెం, ఏటుకూరు వంటి విలీన గ్రామాల్లో కొంచెం విశాలమైన ఇల్లు దొరుకుతుంది. ఊళ్ళో తిరగడానికి షేర్ ఆటోలే ఆధారం కనుక, రాత్రి ఎనిమిది దాటాక ఆ వీధి మొగలోకి ఆటో వస్తుందో రాదో అడగాలి. మిర్చి యార్డు వైపు చూసేవారు సీజన్లో, అంటే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, లారీల రద్దీనీ ఘాటునూ ఒకసారి స్వయంగా చూసి రావడం మంచిది.

హెచ్చరిక: "ఇక్కడే మెట్రో స్టేషన్ వస్తుంది, అవుటర్ రింగు రోడ్డు ఇటే" అన్న మాటకు ఇవాళ వంద రూపాయలు కూడా ఎక్కువ అద్దె ఇవ్వకండి. అద్దెకుండేవారికి కావలసింది ఈ నెల నడుస్తున్న బస్సు.

4. వరద నీటిని బట్టి జాబితాలోంచి కొట్టివేతలు

ఈ మెట్టును మాత్రం దాటవేయకండి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీరు సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, కండ్రిక ప్రాంతాలను ముంచెత్తింది. మైలవరం వైపు కొండల నీటిని కొల్లేరుకు మోసుకుపోయే ఈ వాగు వరదను వెలగలేరు రెగ్యులేటరు దగ్గర కృష్ణ వైపు మళ్ళిస్తారు. ఆ మళ్ళింపు కాలువ గట్టుకు గండ్లు పడటంతో నీరు ఊరి మీదికి వచ్చింది. ఆ రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు దిగువకు వెళ్ళాయి. 2009లో వచ్చిన పెద్ద వరద 11.10 లక్షలు. అంటే రెండు ప్రమాదాలు వేర్వేరు: ఒకటి బుడమేరు, ఒకటి కృష్ణ. చూస్తున్న ఇంటికి ఏది వర్తిస్తుందో తెలుసుకోవాలి. నది వైపు రామలింగేశ్వరనగర్, రాణిగారితోట, యనమలకుదురుల్లో ఇల్లు కరకట్టకూ రక్షణ గోడకూ ఏ పక్కన ఉందన్నదే అసలు విషయం.

ఓనరును అడిగితే "మా వీధిలోకి రాలేదండి" అనే అంటారు. ఇంటినే అడగండి. గేటు పక్కన ప్రహరీ గోడ లోపలి వైపు చూడండి. కొత్త రంగు వేసినా నడుము ఎత్తున ఒక అడ్డగీత కింద సున్నం పొరలు పొరలుగా లేస్తూ ఉంటుంది. మెట్ల కింద, మీటరు బోర్డు వెనక, బాత్‌రూం తలుపు చెక్క అడుగున రంగు వేయడం అందరూ మరిచిపోతారు, అక్కడ ఒండ్రు రంగు మరక అలాగే ఉంటుంది. కింది ప్లగ్గు పాయింట్లు మూసేసి కొత్తవి భుజం ఎత్తున బిగించి ఉంటే ఇక అడగనక్కరలేదు. కొలత టేపుతో ఆ మరక ఎత్తు కొలిచి రాసుకోండి. తరువాత వీధి మొగలోని ఇస్త్రీ బండి అతన్నో కిరాణా కొట్టు ఆవిడనో "బాబాయ్, మొన్నటి వరదకు ఇక్కడ ఎంతవరకు వచ్చాయి నీళ్ళు?" అని అడగండి. మోకాలి మీదనో నడుము మీదనో చెయ్యి పెట్టి చూపిస్తారు. మీరు కొలిచిన ఎత్తు, వారు చూపిన ఎత్తు కలిస్తే అది నిజం.

ఇంతమాత్రాన సింగ్‌నగర్ వైపు ఇల్లే చూడొద్దని నేను చెప్పను. బడ్జెట్ తక్కువైనవారికి ఊరికి అంత దగ్గరగా, అంత బస్సు సౌకర్యంతో దొరికే చోట్లు ఎక్కువ లేవు. మొదటి అంతస్తు లేదా ఆ పైన తీసుకోండి, ఫ్రిజ్జు, బీరువా, సర్టిఫికెట్లు అన్నీ పైనే ఉండాలి, బండి నిలపడానికి ఎత్తైన చోటు ముందే చూసుకోండి. నేల అంతస్తు ఎంత చౌకగా ఇచ్చినా వద్దు.

కొండవాలు ఇళ్ళ సంగతి వేరు. మొగల్రాజపురంలో 2024 ఆగస్టు 31న కొండచరియలు ఇళ్ళ మీద పడి ప్రాణాలు పోయాయి. గుణదల, చిట్టినగర్, విద్యాధరపురం కొండల మీద అద్దె తక్కువే, కాని ఇంటి వెనక చెక్కిన మట్టి గోడ గానీ, విడివిడిగా నిలిచిన బండ గానీ కనిపిస్తే వెనుదిరగండి. పెద్దవాళ్ళున్న ఇంటికి ఆ మెట్లు ఎలాగూ కుదరవు.

5. వాడుక నీరు, తాగునీరు

విజయవాడ నగర పరిధిలో కృష్ణ నీరు కుళాయికి వస్తుంది. గుంటూరుకు తక్కెళ్ళపాడు శుద్ధి కేంద్రం నుంచి అందుతుంది. శివారు కాలనీల్లో, విలీన గ్రామాల్లో చాలా ఇళ్ళకు బోరే దిక్కు. "నీళ్ళకు ఇబ్బంది లేదు" అంటే బోరు పనిచేస్తోందని అర్థం, ఆ నీళ్ళు బాగుంటాయని కాదు.

వెంట తెచ్చుకున్న సీసా ఇక్కడ పనికొస్తుంది. బాత్‌రూం కుళాయి నుంచి లీటరు నీళ్ళు పట్టుకుని, మిగతా ఇళ్ళు చూసి ఇంటికి వెళ్ళేదాకా కదపకుండా ఉంచండి. అడుగున పసుపు రంగు దిగితే ఇనుము ఎక్కువ. ఆ నీటితో గుప్పెడు కందిపప్పు ఉడకబెట్టండి. ఎంతసేపటికీ మెదగకపోతే ఉప్పు, సున్నం ఎక్కువ. కుళాయి మూతి చుట్టూ తెల్లటి పెచ్చు, బకెట్ల లోపల తెల్లని చార కూడా అదే చెబుతాయి. అలాంటి నీళ్ళయితే తాగడానికే కాదు, వంటకూ క్యాను కొనాలి. నలుగురున్న ఇంటికి రోజుకు 20 లీటర్ల క్యాను ఒకటి చొప్పున నెలకు ఎంతవుతుందో ఆ వీధిలో ధర అడిగి మొదటి మెట్టు లెక్కలో కలపండి.

మోటారు ఎవరి చేతిలో ఉందో కూడా అడగాలి. ఓనరు కింద ఉండి రోజుకు రెండుసార్లే మోటారు వేసే ఇంట్లో, ఉదయం ఆరున్నరకు వంట, స్నానాలు ఒకేసారి సాగే కుటుంబం ఇబ్బంది పడుతుంది. ఇంకో సంగతి: ఈ ప్రశ్నకు సరైన జవాబు నెల నెలకూ మారుతుంది. వానాకాలంలో చూస్తే ప్రతి బోరూ నిండుగానే ఉంటుంది, కాబట్టి "మే నెలలో ట్యాంకరు తెప్పించుకున్నారా?" అని పక్కింటివారిని అడగండి.

6. మూడు వేళల్లో వెళ్ళి చూడండి

ఉదయం ఎనిమిదిన్నరకు, రాత్రి తొమ్మిదికి, వాన పడిన మర్నాడు. ఆదివారం మధ్యాహ్నం చూసిన వీధి ఏ వీధైనా ప్రశాంతంగానే ఉంటుంది. ఉదయం వెళ్ళినప్పుడు ఆ ఇంటి దగ్గర నుంచే ఆఫీసుకు నిజంగా ప్రయాణం చేయండి. మ్యాపులో చూపిన సమయం బెంజి సర్కిల్ దగ్గర, వారధి మీద, రైల్వే గేటు దగ్గర చెల్లదు. వాన కోసం ఆగే తీరిక లేకపోతే సైడుకాలువలో నీరు కదులుతోందో నిలిచి ఉందో చూస్తే చాలావరకు తెలుస్తుంది.

7. ఇల్లు

పై అంతస్తు రేకుల గది, స్లాబు కింద పెంట్‌హౌసు చౌకగా కనిపిస్తాయి. మే నెల విజయవాడ ఎండలో రాత్రి పదింటికి కూడా గోడలు వేడిగానే ఉంటాయి. కూలరో ఏసీయో పెట్టక తప్పదు, తగ్గిన అద్దె కరెంటు బిల్లుకు పోతుంది. మీటరు విడిగా ఉందా అన్నది తప్పక చూడండి. రెండు మూడు వాటాలకు ఒకే సర్వీసు ఉంటే అందరి యూనిట్లూ కలిసి కరెంటు ధరల పై శ్లాబులోకి వెళ్తాయి, మీరు తక్కువ వాడినా ఎక్కువ ధర కడతారు. సర్వీసు నంబరు తీసుకుని పాత బిల్లులు చూపించమని అడగడంలో తప్పులేదు.

దక్షిణం వాకిలి ఇళ్ళు పట్టింపు ఉన్నవారు తీసుకోరు కాబట్టి బేరానికి లొంగుతాయి. మీకు ఆ పట్టింపు లేకపోతే అదే సౌకర్యం తక్కువకు దొరుకుతుంది. పట్టింపు ఉంటే మాత్రం డబ్బు కోసం రాజీపడకండి. ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా వాకిలి మీదకే పోతుంది, ఆర్నెల్లలో మళ్ళీ సామాను ఎత్తాలి.

8. డబ్బు, కాగితం

అడ్వాన్సు సాధారణంగా రెండు మూడు నెలల అద్దె అడుగుతారు. ఖాళీ చేసేటప్పుడు రంగులకు ఎంత తగ్గిస్తారు, ఎన్ని నెలల ముందు చెప్పాలి, ఏటా ఎంత పెంచుతారు, ఈ మూడూ ఒప్పందంలో రాయించండి. ఒప్పందాన్ని 11 నెలలకు రాసుకోవడం ఆనవాయితీ. ఆ కాగితం ఆధార్ చిరునామా మార్పుకూ, బడిలో చేరికకూ అక్కరకొస్తుంది. రాసివ్వనంటే ఆ ఇల్లు మీ కుటుంబానికి పనికిరాదు.

హెచ్చరిక: ఇల్లు కళ్ళారా చూడకుండా, తాళం తీయించకుండా ఎవరికీ ఫోన్లో డబ్బు పంపవద్దు. "నేను ఆర్మీలో ఉన్నాను, బదిలీ అయింది, టోకెన్ వేస్తే తాళం పంపిస్తాను" అన్నది పాత మోసమే అయినా ఇంకా నడుస్తూనే ఉంది. డబ్బు తీసుకోవడానికి క్యూఆర్ కోడు స్కాన్ చేయమంటే అది మీ ఖాతాలోంచి పోయే డబ్బే.

కొనాలనుకునేవారు ఏడాది పాటు అదే ఏరియాలో అద్దెకుండి చూశాకే ముందుకు వెళ్ళడం మేలు. ధరకు పైన స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం అదనం. ఈసీ (ఆస్తి మీది పాత లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం) తీయించడం, లేఅవుటుకు ఎల్‌పీ నంబరు (అనుమతి నంబరు), అపార్టుమెంటుకు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నమోదు చూడటం కనీస జాగ్రత్తలు.

9. ఎప్పుడు మారాలి

బళ్ళు జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు, అందుకని ఏప్రిల్, మే నెలల్లో అందరూ ఒకేసారి ఇళ్ళు వెతుకుతారు, బేరం కుదరదు. ఆషాఢంలో గృహప్రవేశాలు, ఇల్లు మారడాలు ఆగిపోతాయి, టు లెట్ బోర్డులు వేలాడుతూనే ఉంటాయి. పట్టింపు లేనివారు అప్పుడు అడిగితే ఐదొందలో వెయ్యో తగ్గుతుంది. పట్టింపు ఉన్నవారు కూడా ఆషాఢంలో బేరమాడి ఖాయం చేసుకుని, శ్రావణంలో పాలు పొంగించుకోవచ్చు. ఖాళీగా ఉన్న నెలకు సగం అద్దె ఇస్తామంటే చాలామంది ఓనర్లు ఒప్పుకుంటారు.

తరచూ జరిగే పొరపాట్లు

బంధువులున్న వీధిలోనే ఇల్లు చూడటం మొదటిది. మొదటి నెల తోడుగా ఉంటుంది నిజమే, కాని ఆఫీసుకూ బడికీ రోజూ మీరే వెళ్ళాలి. బడి ఖాయం కాకుండానే అడ్వాన్సు ఇవ్వడం రెండోది. సీటు మరోచోట దొరికితే వ్యాను ఖర్చు నెత్తిన పడుతుంది. బడ్జెట్ మొత్తాన్నీ అద్దెకే పెట్టి, మార్పు ఖర్చులకు ఏమీ ఉంచుకోకపోవడం మూడోది. లారీ, హమాలీలు, అడ్వాన్సు, బ్రోకరు ఉంటే అతని రుసుము, గ్యాసు బదిలీ, కొత్త యూనిఫాంలు అన్నీ ఒకే నెలలో వస్తాయి. నాలుగైదు నెలల అద్దెకు సమానమైన డబ్బు చేతిలో లేకుండా కదలవద్దు.

సరిగ్గా ఎంచుకున్నామా అని చూసుకోవడం

మూడు నెలలు గడిచాక మొదటి మెట్టులో వేసిన లెక్కను తీసి, పక్కన అసలు ఖర్చు రాయండి. పదో వంతు వరకు తేడా మామూలే. అంతకు మించితే ఏ పద్దులో మించిందో చూడండి. నీళ్ళలో అయితే మరో క్యాను దుకాణం, వంట నీటికి ఫిల్టరు వంటివి చేయవచ్చు. కరెంటులో అయితే విడి మీటరు కోసం ఓనరును అడగవచ్చు, ఖర్చులో సగం మీరు పెట్టుకుంటామన్నా నష్టం లేదు. ప్రయాణంలో మించితే మాత్రం ఇంట్లో ఉండి దిద్దగలిగేది తక్కువ. వారంలో ఎన్ని రోజులు బస్సు బదులు ఆటో ఎక్కారో, ఎన్నిసార్లు పిల్లల్ని దింపడానికి ఆఫీసుకు ఆలస్యమయ్యారో ఒక నెల పాటు క్యాలెండరు మీద గీత పెట్టండి. గీతలు వారానికి రెండు దాటుతుంటే ఒప్పందం ముగిసేదాకా ఉండి, ఈసారి బడికో బస్టాపుకో నడిచి వెళ్ళేంత దూరంలోనే వెతకండి. ఖాళీ చేస్తామన్న మాటను గడువుకు ముందే వాట్సాప్‌లో రాసి పంపి, ఓనరు చూసినట్టు గుర్తు పడ్డాక దాన్ని ఫొటో తీసి ఉంచుకుంటే, అడ్వాన్సు తిరిగి ఇచ్చే రోజున తేదీ దగ్గర వాదన రాదు.